రాళ్లు తోడుకునేదాకా

నమోదు 1

తొట్టి ఇచ్చేటప్పుడు దానితోపాటు ఈ చిట్టా కూడా చేతిలో పెట్టారు. నీటి రంగు, వాసన, చేపల తీరు, మొక్కల ఎత్తు ఇందులో రాయాలట. అంతకుమించి రాయకూడదని మాత్రం ఎక్కడా లేదు. కనుక రాస్తాను.

నీటి రంగు: మామూలే. వాసన: కొత్త ప్లాస్టిక్‌ది. చేపలు: ఇంకా ఇవ్వలేదు. మొక్కలు: అసలే లేవు.

నా పేరు కొల్లాటి బంగార్రాజు. మాది గోదావరి లంక. ఆ లంక మీద ఇప్పుడు సముద్రం ఉంది కనుక మాది అనడం ఉత్త అలవాటు. ప్రభుత్వం మమ్మల్ని తెచ్చి ఈ పైగట్టు మీద పడేసింది. ఇక్కడ ఎటు చూసినా చట్రాయి. మట్టి అనేది పిల్లలకు చూపిద్దామన్నా దొరకదు. నీళ్లంటే, శిఖరం మీద కట్టిన వలల్లో మంచు పట్టి, బొట్టు బొట్టుగా దించుకున్నవే. ఆ వలలు చిరిగితే కుట్టడం నా పని. అక్కడ చేపల వలలు కుట్టాను, ఇక్కడ మంచు వలలు కుడుతున్నాను. సూది మాత్రం పాతదే.

ఇక అసలు సంగతి. ఇక్కడ ఒక ఇంట్లో అరవై ఐదేళ్లు నిండిన మనిషి ఉండాలంటే ఆ ఇంటి పెరట్లో బతికున్న తొట్టి ఉండాలి. కింద చేపలు, పైన ఆకుకూర. ఆ మనిషి తిండిలో సగం అందులోంచి రావాలి. లేకపోతే బండి వచ్చి ఆ పెద్దమనిషిని పెద్దల నెలవుకు తీసుకుపోతుంది. అది ఇక్కడికి ఒక పూట ప్రయాణం.

మా అత్తయ్య కాసులమ్మకు ఈ ఏడు అరవై ఐదు నిండాయి. మాకు తొలి మంచు పడేదాకా గడువిచ్చారు.

ఆవిడ కూతురు మంగతాయారు నా భార్య. మేం లంక వదిలి వస్తుంటే దారిలో, గుడారాల్లో, జ్వరం వచ్చి పోయింది. అప్పటినుంచి నాకు మిగిలిన మనిషి అత్తయ్య. ఆవిడకు మిగిలిన మనిషిని నేను. తొట్టి ఎవరికోసమో రాయకుండా నీటి రంగు రాసి ఏం లాభం?

తొట్టి తెచ్చిన తనిఖీ అధికారి పేరు మహబూబ్బీ. ఈ గట్టు మనిషే. మాట కరుకు, మనసు కాదు. నా ఇంటిపేరు చూసి నవ్వింది.

"చేపలోళ్లకు చేపలు సాకేది నేను చెప్పల్లనా అన్నా?"

"చేపపిల్లకు ఈత నేర్పాలా అమ్మా" అన్నాను నేను, మీసం ఉంటే దువ్వేవాణ్ణే.

నిజానికి మాకు చేపను పట్టడం తెలుసు, కొయ్యడం తెలుసు, మామిడికాయ వేసి పులుసు పెట్టడం తెలుసు. పెంచడం మా వంశంలో ఎవరికీ తెలియదు. పెంచే పని గోదావరిది.

నమోదు 2

నీటి రంగు: తేట. వాసన: లేదు. చేపలు: ఇరవై, జిలేబి రకం, చూపుడువేలంత. చురుగ్గా ఉన్నాయి.

బిగింపు అయింది. కింది తొట్టిలో చేపలు. దానిమీద, నిలబడితే చేతికందే ఎత్తులో పై తొట్టి, నిండా కంకర. చిన్న మోటారు కింది నీళ్లను పైకి తోడి కంకర మీద పోస్తుంది. అవి కంకరలోంచి కారి మళ్లీ చేపల దగ్గరికి వస్తాయి. చేపలు నీళ్లను పాడుచేస్తాయి. రాళ్లలో ఏదో జరిగి ఆ పాడు కాస్తా ఎరువైపోతుంది. మొక్కలు ఆ ఎరువు తాగుతాయి. ఆ 'ఏదో' ఏమిటని నేను అడగలేదు. చేపలోణ్ణి కదా, అడిగితే చులకనైపోతానని.

మహబూబ్బీ గుడ్డలో మూటకట్టి గుప్పెడు పాతరాళ్లు తెచ్చింది. వేరేవాళ్ల తొట్టిలోవట, నల్లగా, జిగటగా ఉన్నాయి. నా కంకరలో కలిపింది.

"ఇది తోడు. పాలకు తోడేస్తారే, అట్ల. రాళ్లు తోడుకునేకి నెలన్నర పడుతుంది. అంతవరకు చేపలకు మేత తక్కువెయ్యి. రాళ్లకు చేతులు పెట్టొద్దు, వాటి పని వాటిని చేసుకోనీ."

చేతులు పెట్టొద్దంటే చేతి మురికి అంటుతుందని కాబోలనుకున్నాను. వల పని చేసే చేతులు కదా.

తొట్టి వచ్చాక ఇంట్లో ఒక వింత జరిగింది. మా వైపు అత్తగారు అల్లుడితో ముఖాముఖి మాట్లాడదు. మంగ ఉన్నప్పుడు ఆవిడ మాట మంగ నోటివెంట వచ్చేది. మంగ పోయాక ఆవిడ పొయ్యికి చెప్పడం మొదలుపెట్టింది. 'గంజి సల్లారిపోతందని సెప్పు' అని పొయ్యితో అనేది, నేను వచ్చి తాగేవాణ్ణి. ఏం అడిగినా పొయ్యి నిప్పులు కక్కడమే తప్ప పలకదు కదా, నాకు తిరిగి చెప్పడానికి ఏదోలా ఉండేది. మూడేళ్లు అలాగే నెట్టుకొచ్చాం.

ఇప్పుడు చేపలొచ్చాయి. పొద్దున నేను వలల మీదికి బయల్దేరుతుంటే పెరట్లోంచి గొంతు వినబడింది.

"సేపమ్మా, అల్లుడు గారికి సెప్పు. తలకి గుడ్డ సుట్టుకుని ఎల్లమను. నిన్న ఎండకి మొకం కందగడ్డలాగైపోయింది."

చేపలన్నీ నీటి మీదికి వచ్చి నోళ్లు తెరిచాయి. నిజంగా చెబుతున్నట్టే ఉన్నాయి. నాకు నవ్వాగలేదు.

"చేపమ్మా, సరేనని చెప్పు. తను కూడా వేళకు తినాలని చెప్పు" అన్నాను.

మంగ పోయాక మా ఇంట్లో ఒకరి మాటకు ఇంకొకరు నవ్వడం అదే మొదలు.

నమోదు 3

నీటి రంగు: అద్దం. వాసన: లేదు. చేపలు: హుషారు. మొక్కలు: తోటకూర రెండాకులు వేసింది.

ఎండగంట మోగాక ఇక్కడ ఎవరూ బయట తిరగకూడదు. ఇంట్లో ఉండాలి, లేదా నీడలో ఉండాలి. మాది ఒకటే గది. రాత్రి దీపం ఆర్పాకే అత్తయ్య ఒక మూల నడుం వాలుస్తుంది. నేను వలల మీదినుంచి వచ్చి తిని, చాప మీద వాలుతాను. అత్తయ్య మాత్రం పెరట్లో తొట్టి మీద వేసిన నీడపందిరి కింద ఉంటుంది, గాలికి తీసిన తలుపులోంచి నా చాపకు కనబడుతూ. లోపలికి రమ్మని చేపలతో చెప్పించాను.

"ఇక్కడే సల్లగా ఉందని సెప్పమ్మా" అని కబురొచ్చింది.

ఆవిడకు కాలు ఒకచోట నిలవదు, చెయ్యి ఊరుకోదు. ఎప్పుడు చూసినా పై తొట్టి దగ్గర నిలబడి ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది. తొట్టి అంటే అంత ముద్దు. మోకాళ్లకు పాత చీరపేలికలు కట్టుకుంది. ఎందుకని కబురంపితే గట్టు మీది చలికని తిరుగు కబురు. ఎండలు మండుతున్నాయి, చలేమిటో. ముసలివాళ్ల ఒళ్లు ముసలివాళ్లకే తెలియాలి.

ఇవాళ శుక్రవారం. వచ్చేసరికి పై తొట్టిలో కంకర ముత్యాల్లా మెరిసిపోతోంది. పాత వలముక్కతో ఒక్కొక్క రాయీ తోమి, తన స్నానానికి వచ్చిన వాటా నీళ్లతో కడిగి, మళ్లీ పేర్చింది. లంకలో ఉన్నప్పుడూ అంతే. శుక్రవారం వచ్చిందంటే గడప దగ్గర్నుంచి గుండిగ దాకా ఆవిడ చేతిలో పడి మెరవవలసిందే.

పొరుగింటి ఓబుళేసు గోడ మీంచి తొంగి చూశాడు. వాళ్ల తొట్టిలో రాళ్లు పాచి పట్టి నల్లబడి, తాకితే జారేలా ఉంటాయి.

"ఏమన్నా, నీ తొట్టి పెండ్లికూతురు మాదిరి ఉండాదే!"

"మా అత్తయ్య చెయ్యి" అన్నాను. గర్వంగానే అన్నాను. వాళ్ల ఇంట్లో ఆడవాళ్లు బద్ధకస్తులని కూడా లోపల అనుకున్నాను. ఇది చిట్టాలో ఉండాల్సిన సంగతి కాదు.

నమోదు 4

నీటి రంగు: తేట. వాసన: ముక్కుకు కుడుతోంది. చేపలు: మేత ముట్టలేదు.

నీళ్లను చూడటానికి రంగు కాగితాలిచ్చారు. ముంచితే పసుపు రావాలి. ఆకుపచ్చ వస్తే నీళ్లలో విషం ఉన్నట్టు. ఇవాళ వేపాకు రంగు వచ్చింది. మొక్కల్లో ఎంత చూసినా కనబడని పచ్చదనం కాగితంలో కనబడింది.

చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు బయటపెట్టి ఎగపోస్తున్నాయి. ఈసారి అవి ఎవరికీ ఏమీ చెప్పడం లేదు.

మోటారు విప్పి బిగించాను. మేత మానేశాను. వాటాకు వచ్చిన నీళ్లలో సగం తొట్టిలో పోశాను. అత్తయ్య తన తాగే నీళ్లచెంబు కూడా పట్టుకొచ్చి తొట్టి అంచు మీద పెట్టి, అటు తిరిగి నిలబడింది. నేను వద్దంటే, తనే చేపలకు పోసి ఖాళీ చెంబు బోర్లించింది.

ఓబుళేసు సలహా ఇచ్చాడు: "రెండు దినాలు ఓపిక పట్టన్నా, రాళ్లే చూసుకుంటాయి."

రాళ్లు ఏం చూసుకుంటాయి? అవి పాపం శుభ్రంగా ఉన్నాయి. నిన్ననే శుక్రవారం అయింది. అత్తయ్య ఈసారి రెండుసార్లు తోమింది, నీళ్లు పాడయ్యాయన్న భయంతో.

నమోదు 5

చేపలు: లేవు.

తెల్లవారి లేచేసరికి పదిహేను తేలాయి. మిగతావి మధ్యాహ్నానికి. అత్తయ్య ఒక్కొక్కదాన్నీ దోసిలితో తీసి చేటలో పెట్టింది. పుట్టినప్పటినుంచి చేపల్ని కోసిన చేతులవి. చచ్చిన చేపను చూసి ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఇవాళ ఏడ్చింది.

"ఇప్పుడు అల్లుడు గారికి ఎవరు సెప్తారే?" అని చేటలో చేపల్ని అడిగింది.

నేను లోపలికి వెళ్లి గోడ వైపు తిరిగి కూర్చున్నాను. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవడం ఎందుకు.

సాయంత్రం మహబూబ్బీ వచ్చింది. నీళ్లు చూసింది, కాగితం చూసింది. పై తొట్టిలో చెయ్యి పెట్టి ఒక రాయి తీసి వేళ్ల మధ్య రుద్దింది. రాయి కిచుకిచుమంది.

"దీన్ని ఎవురు కడిగినారు?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత శుక్రవారాలు గుర్తొచ్చాయి.

"రాళ్ల మీద జిగురుంటుంది చూడన్నా, అదే జీవం. కంటికి ఆనని పురుగులు. చేపల విషాన్ని తినేది అవే. అవి పుట్టేకి, నిలబడేకి నెలన్నర కావల్ల. తోడుకుంటున్న పాలకుండని వారం వారం తోమినట్లుంది మీ యవ్వారం. చేతులు పెట్టొద్దని చెప్పినా కదా?"

చెప్పింది. నాకు చెప్పింది. నేను అర్థం చేసుకున్న తీరు వేరు. పోనీ, ఆ మాటైనా అత్తయ్యకు అందించానా అంటే అదీ లేదు. చేపలతో కబుర్లన్నీ గంజి గురించి, తలగుడ్డ గురించే పంపాను.

"నేనే కడిగాను" అన్నాను.

"కాదమ్మా" అంది వెనకనుంచి అత్తయ్య, పందిరి గుంజ పట్టుకుని. మహబూబ్బీతో ఆవిడ ఎదురుగానే మాట్లాడుతుంది. "శుక్రోరం శుక్రోరం నేనే తోమేనమ్మా. ఊరికే నిలబడలేక సేతికి పని పెట్టుకున్నాను. పాసి పట్టిందనుకున్నాను. మా లంకలో రాయికి పాసి పడితే కాలు జారతాదని గీకేత్తాం."

"మీరెవురు కడిగినా తొట్టి ఖాళీ కదా అవ్వా" అంది మహబూబ్బీ మెల్లగా. ఎక్కడినుంచో మళ్లీ గుప్పెడు నల్లరాళ్లు తెచ్చి పోసింది. చేపలు ఇప్పుడే వెయ్యొద్దంది. రోజూ చిటికెడు మేత పొడి చేసి నీళ్లలో చల్లమంది. అది కుళ్లి విషమవుతుందట, ఆ విషం తిని పురుగులు పెరుగుతాయట. కాగితం ఆకుపచ్చ నుంచి పసుపుకు తిరిగితే చేపలు తానే తెస్తానంది.

"తొలి మంచు లోపల తిరిగితే?" అన్నాను.

ఆమె ఆకాశం వైపు చూసింది. "తిరగల్ల అనుకో."

నమోదు 6

నీటి రంగు: కొంచెం మసక. వాసన: ఉంది. కాగితం: ఆకుపచ్చ.

నిన్నా ఇదే. మొన్నా ఇదే. రోజూ విడిగా రాయడం మానేశాను.

అత్తయ్య ఇప్పుడు తొట్టిని ముట్టుకోదు. ఎండగంటలో పందిరి కింద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి రాళ్లను చూస్తూ ఉంటుంది, బడిలో శిక్ష వేసిన పిల్లలా. పని లేకుండా ఆవిడను అలా చూడలేకపోయాను. మధ్యలో చేపలు లేవు, ఏం చెప్పాలన్నా దారి లేదు. మళ్లీ పొయ్యే దిక్కయింది. కానీ పొయ్యితో కూడా ఆవిడ ముక్తసరిగానే మాట్లాడుతోంది.

ఒకరోజు వలల మీద ఉండగా నా సూది తడిసింది. తలెత్తితే వల అంతా సన్నగా తెల్లబడుతోంది. పక్కవాళ్లందరూ కేకలు పెట్టారు, నీళ్లొచ్చాయని. మంచు ఈ ఏడు పది రోజులు ముందొచ్చింది. అందరూ నవ్వుతుంటే నేనొక్కణ్ణీ దాన్ని తిట్టుకుంటూ కొండ దిగాను.

కాగితం ముంచాను. ఆకుపచ్చ. మునుపటికంటే కాస్త లేత. లేతదైతే ఏం, నియమంలో లేత, ముదురు అని లేదు.

బండి వచ్చిన పూట మహబూబ్బీ కిందికి దిగి నా ముఖం చూడలేకపోయింది. "నేను రాసేది ఏముందన్నా, చేపలుంటే ఉన్నాయని రాస్తా, లేకుంటే లేవని రాస్తా" అంది. "తొట్టి బతికినాక మళ్లీ అడుగు. ఇంటికి తెచ్చుకునేకి కాగితం ఇస్తారు. నేనే తెస్తా."

అత్తయ్య సంచీ సర్దుకుంది. రెండు చీరలు, మంగ దువ్వెన. గడప దగ్గర ఆగింది. మా మధ్య ఎవరూ లేరని ఆవిడకు అప్పుడే గుర్తొచ్చినట్టుంది. చుట్టూ చూసి మహబూబ్బీ వైపు తిరిగింది.

"అమ్మా, అల్లుడు గారికి సెప్పు. ఉప్పుడబ్బా పైనెట్టాను. ఎండగంట కొట్టేక వలల కాడ ఉండొద్దని సెప్పు. ఒక్కరూ ఉంటే వండుకోబుద్ధెయ్యదు. అయినా వండుకోమను."

మహబూబ్బీ నాకేసి చూసింది. మూడడుగుల దూరంలో ఉన్న మనిషికి ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు.

"సరేనని చెప్పండి" అన్నాను.

తొట్టి బతికించి తెచ్చుకుంటానని చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. బండి కదిలింది. వెనక కిటికీలోంచి చూస్తే ఆవిడ బండిలో కూడా సీటు పట్టుకుని నిలబడే ఉంది. మలుపు తిరిగేదాకా నాకు కనబడుతూనే ఉంది.

నమోదు 7

కాగితం: పసుపు.

నాలుగుసార్లు ముంచాను. నాలుగుసార్లూ పసుపే, తంగేడు పువ్వంత. ఆవిడ వెళ్లిన తొమ్మిదో రోజు.

ఆ తొమ్మిది రోజులు గడువు పెంచి ఉంటే ఎవడి సొమ్ము పోయేది? ఎవరిని తిట్టాలో తెలియక మోటారును తిట్టాను. అది దాని పని అది చేసుకుపోయింది.

రాళ్ల మీద నల్లటి జిగురు పట్టింది. వేలు పెడితే జారుతోంది. అత్తయ్య చూస్తే చేతులు నలుపుకుంటుంది, తోమేద్దామని.

మహబూబ్బీ చేపలు తెచ్చింది. బతికాయి. మేత వేస్తే ఎగబడుతున్నాయి. నెల తిరిగేసరికి పై తొట్టిలో తోటకూర మోకాలెత్తు లేచింది, కాడలు బొటనవేలు లావున. బచ్చలి పందిరి గుంజ పట్టుకుంది. ఇద్దరికి సరిపడా పంట. ఒక్కణ్ణి ఎంతని తింటాను? ఓబుళేసు ఇంటికి పంచాను. వాళ్ల ఆవిడ బాగుందని మెచ్చుకుంది. ఆ ఇంటి ఆడవాళ్లను నేను ఒకప్పుడు బద్ధకస్తులనుకున్నాను.

చేపలతో మాట్లాడదామని ఒకటి రెండుసార్లు పందిరి కింద నిలబడ్డాను. ఏం చెప్పను, ఎవరికి చెప్పమనను?

మహబూబ్బీ మళ్లీ వచ్చి చేపలు లెక్కపెట్టి, ఆకు కొలిచి, నీళ్లు చూసి, చిట్టా తిరగేసింది. కింద ముద్ర వేసింది. మూడోరోజు అనుమతి కాగితం ఇంటికే తెచ్చింది. 'ఈ ఇంటికి కాసులమ్మ అను పెద్దను తిరిగి తీసుకుపోవచ్చును.' చదివి మళ్లీ చదివాను.

గది ఊడ్చాను. ఆవిడ కోసం కొత్త చాప నేశాను, వల దారంతో. పొద్దున్నే తోటకూర కోసి తడిగుడ్డలో చుట్టి బండెక్కాను.

నమోదు 8

చిట్టా పని అయిపోయిందట, ఇక రాయనక్కర్లేదన్నారు. ఇది ఒక్కటి రాసి ముగిస్తాను.

పెద్దల నెలవు నేననుకున్నంత ఘోరంగా లేదు. పొడుగాటి వసారాలు, మధ్యలో పెద్ద పెద్ద తొట్లు. లోపలికి వెళ్తుంటే వసారా చివరనుంచి నవ్వు వినబడింది. గొంతు ఎక్కడో విన్నట్టుంది కానీ పోల్చుకోలేకపోయాను. ఆ గొంతు నవ్వగా నేను బాగా వినలేదు కదా.

అత్తయ్య వసారా అరుగు మీద గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. రెండు కాళ్లూ బారజాపుకుని, మోకాళ్ల మీద ఏ పేలికా లేకుండా, ఒళ్లో చేటలో బియ్యం పోసుకుని ఏరుతోంది. పక్కన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, మా వైపు యాసే. ఏదో కథ చెబుతోంది, చేతులు తిప్పుతూ. మధ్యలో తనే నవ్వేస్తోంది.

నేను అక్కడే ఆగిపోయాను. ఏమిటో వింతగా ఉంది, ఏమిటో తెలియలేదు. కాసేపటికి తెలిసింది. అత్తయ్య కూర్చుని ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు.

పక్కనున్నావిడ నన్ను చూసింది. ఆవిడ పేరు పుణ్యవతి అని తర్వాత తెలిసింది. "ఎవరు కావాలి బాబూ?" అంది.

అత్తయ్య తలతిప్పింది. చేట పక్కన పెట్టి, గోడ పట్టుకుని, పళ్లు బిగించి లేచింది. కొంగు భుజం మీదికి లాక్కుని స్తంభం చాటుకు వెళ్లి నిలబడింది. బియ్యం కొన్ని నేలమీద చిందాయి.

"కూర్చోండి అత్తయ్యా" అన్నాను. నేరుగా ఆవిడతోనే అన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో అదే మొదటిమాట.

స్తంభం చాటున గాజులు కదిలాయి. "పున్నెవతీ, ఏటమ్మా ఆ మాట? అల్లుడు గారి ముందర కూకుంటారా ఎవరైనా?"

నాకు తెలియని మర్యాద కాదు. లంకలో ఇల్లంటే నాలుగు గదులు, వెనక వసారా, దొడ్డి. నేను వస్తే ఆవిడ ఇంకో గదిలోకి వెళ్లి కూర్చునేది. పైగట్టు మీద ఒకటే గది.

"మీరేనా అల్లుడు గారు?" అంది పుణ్యవతి సంబరంగా. "మూడేళ్లు నిలబడే ఉందంట బాబూ మీ ఇంట్లో. వచ్చినప్పుడు మోకాళ్లు గుమ్మడికాయల్లా ఉన్నాయి. ఇక్కడికొచ్చేక సగానికి సగం తగ్గిపోయినియ్యి."

"నోర్ముయ్యవే" అంది స్తంభం. "అల్లుడు గారు భోంచేసేరో లేదో అడుగు ముందు."

"తిన్నానని చెప్పండి" అన్నాను. తినలేదు.

"తొట్టి ఏమైందో అడుగు."

చొక్కా జేబులో అనుమతి కాగితం గరగరలాడింది. నేను దానికి జవాబివ్వకుండా ఇంకోటి అడిగాను. "ఇంటికి రావాలని ఉందేమో అడగండి."

పుణ్యవతి నన్నూ స్తంభాన్నీ మార్చి మార్చి చూసింది.

"తీసికెల్తే ఎందుకు రానని సెప్పు. నా కూతురిల్లు కదా అది. అల్లుడు గారు ఒక్కరూ ఉన్నారు కదా. ఎల్తాను." గొంతులో ఎక్కడా వణుకు లేదు. కానీ స్తంభం పక్కనుంచి ఆవిడ చెయ్యి కనబడుతోంది. అది వంగి మోకాలిని పట్టుకుని ఉంది.

అప్పుడు నాకు ఇంటి గది కళ్లముందుకొచ్చింది. ఆ చాప. దాని మీద వాలి నిద్రపోతున్న నేను. పందిరి కింద, ఎండవేళ, నిలబడి రాళ్లు తోముతూ ఆవిడ. ఇకమీదట తోమడానికి రాళ్లు కూడా ఉండవు. కూర్చోమని నేను నెత్తీ నోరూ బాదుకున్నా కూర్చోదు. ఇంకో గది కట్టడానికి గట్టు మీద ఎవరికీ అనుమతి లేదు.

"తొట్టి ఇంకా తోడుకోలేదని చెప్పండి" అన్నాను. "అనుమతి రాలేదు. ఊరికే చూసిపోదామని వచ్చాను."

స్తంభం వెనక ఊపిరి వదిలిన చప్పుడైంది. దిగులుతోనో తెరిపితోనో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

తడిగుడ్డ విప్పి తోటకూర కట్ట పుణ్యవతి చేతికిచ్చాను. "ఇది మా పొరుగింటివాళ్ల తొట్టిలోది. ఆవిడకివ్వండి."

కట్ట స్తంభం చాటుకు వెళ్లింది. కాడ విరిచిన చప్పుడు పుటుక్కున వినబడింది. అత్తయ్యకు అది అలవాటు, కాడ విరిస్తే గానీ కూర సంగతి చెప్పదు.

"ఎవరిదో గానీ మంచి సెయ్యని సెప్పు పున్నెవతీ. ఆల్లని అడిగి నేర్సుకోమను."

"నేర్చుకుంటానని చెప్పండి."

పుణ్యవతి మంచినీళ్లు తెస్తాను, కూర్చో బాబూ అంటూ అరుగు చూపించింది. బండికి ఇంకా చాలా పొద్దుంది. ఆ అరుగు మీద ఒక్క ఘడియ కూర్చోవాలని నాకు ఎంత ఉందో రాయలేను. కానీ నేను అక్కడ ఎంతసేపుంటే ఆవిడ అంతసేపూ నిలబడే ఉండాలి.

బండి వేళైపోయిందని చెప్పి వెంటనే వచ్చేశాను.